ఇరవై ఎనిమిది

"ఇరవై ఎనిమిది!" అని వీధి చివరిదాకా వినపడేలా కేకపెట్టి, కత్తెర పిడితో బల్ల మీద పదకొండుసార్లు తట్టాడు టైలర్ మాస్టారు. కాజాలు కుట్టే ఆవిడ, మాస్టారు తట్టినన్ని అంగుళాలూ కలుపుకుని పుస్తకంలో ముప్పై తొమ్మిది అని రాసింది. కొలతలిచ్చిన పెద్దమనిషి మాత్రం పొట్ట లోపలికి లాక్కుని, పాతికేళ్ళవాడిలా మెట్లు దిగి వెళ్ళాడు.

ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. ఒకనాడు ఓ పెళ్ళికొడుకు కాబోయే మామగారితో వచ్చాడు. టేపు నలభై దగ్గర ఆగింది. బయట బెంచీ మీది కుర్రాళ్ళు చెవులు రిక్కించారు. పెళ్ళికొడుకు సిగ్గుతో సగమైపోయాడు, నడుము మాత్రం తగ్గలేదు. మాస్టారికి జాలేసి నోటికొచ్చిన అంకె అరిచేశాడు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే అంకె. చివరికి వయసులో ఉన్న ప్రతివాణ్ణీ వీధి వీధంతా "ఏరా ఇరవై ఎనిమిదీ" అనే పిలవసాగింది.

చూపు మందగించి మాస్టారు ఈ రోజుతో పని మానేస్తున్నాడు. ఆ మాట తనదేనని వెళ్ళేలోగా ఒక్కడికైనా తెలిస్తే బాగుండునని ఉదయం నుంచీ ఒకటే ఆశ.

మధ్యాహ్నం బెంచీ మీద వాదన మొదలైంది.

"అది మనూరి బస్సు నంబర్రా!"

"కాదెహె, పెళ్ళి కావాల్సిన వయసు. మాస్టారూ, మీరు చెప్పండి, ఎవరు పుట్టించారండీ ఈ మాట?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడిగినవాడి తండ్రే ఆనాటి పెళ్ళికొడుకు. మాట తనదని చెబితే, ఊళ్ళో పొట్టలన్నీ బయటపెట్టాలి.

"నాకేం తెలుసు నాయనా? బస్సే అయ్యుంటుంది" అన్నాడు. అన్నాక బాధగానే అనిపించింది. సూదిలోకి దారం మూడుసార్లు ఎక్కలేదు.

సాయంత్రం కాజాలు కుట్టే ఆవిడ టేపు అందుకుంది.

"చేతులెత్తు అన్నయ్యా. నీకో ప్యాంటు కుట్టి పంపిస్తా."

"ఈ వయసులో నాకెందుకమ్మా?"

"ఎత్తమన్నానా!"

ఏనాడూ గొంతు పెంచని మనిషి, వీధి అదిరేలా అరిచింది. "ఇరవై ఎనిమిది!"

బెంచీ మీదివాళ్ళు ఈలలు వేశారు. ఆవిడ బల్ల మీద తట్టడం మొదలుపెట్టింది. ఏడో దెబ్బకి మాస్టారు "చాలు తల్లీ, చాలు" అంటూ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పొట్ట లోపలికి లాక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ టేపును కొక్కేనికి తగిలించింది. ముప్పై అయిదు నుంచి నలభై రెండు దాకా అంకెలన్నీ బొటనవేలి రాపిడికి చెరిగిపోయి ఉన్నాయి. ఇరవై ఎనిమిది మాత్రం కొన్ననాటిలా నల్లగా ఉంది.