ఇరవై ఎనిమిదో కొక్కెం

పై గుండీ కింది కాజాలో దూరిపోయి, చొక్కా ఒక పక్కకి ఎక్కి కూర్చుంది. గుండీలమ్మ మోకాళ్ళ మీద వంగి, ఎదురుగా నిలబడ్డ పిల్ల గుండీలన్నీ విప్పి మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. వెనక ఇంకో ఇద్దరు పొట్టలు ముందుకు పెట్టుకుని వరసలో నిలబడ్డారు. ఇళ్ళ దగ్గర హడావిడిగా తొడిగిందంతా బడిమెట్ల దగ్గర సరిచెయ్యడం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని. ఆయా అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండే ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్ కూడా గుండీలమ్మా అనే పిలుస్తుంది.

పొట్టి మనిషి. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. సగంలో ఆగిపోయి, ఎవరైనా చూస్తే ఆ తువ్వాలుతో పిట్టగోడ తుడుస్తున్నట్టు నటించడం అలవాటు చేసుకుంది. పిట్టగోడ తళతళలాడుతోంది పాపం.

బస్సు డ్రైవరు కిందనుంచి కేకేశాడు. "అక్కా, నా మీసాల రంగు ఎప్పుడొస్తుంది?"

"రేపొస్తుందిట. ఈలోపు తెల్లమీసాలతో తిరిగితే నీకేం పిల్లనివ్వడం మానేస్తారా?"

"ఇచ్చిన పిల్లనే వెనక్కి తీసుకుపోతామంటున్నారు అక్కా."

బడిలో పనిచేసేవాళ్ళు ఏం కొనుక్కోవాలన్నా గుండీలమ్మ ఫోనులోనే కొంటారు. తల్లిదండ్రుల సంఘం ఆన్‌లైన్ దుకాణంతో ఒక ఏర్పాటు చేసుకుంది. సంఘం పంపిన లింకు నొక్కితే పిల్లల పేర్ల జాబితా వస్తుంది. ఏ పిల్ల తరఫున కొంటున్నామో ఆ పేరు నొక్కి, ఆ తర్వాత సబ్బు కొన్నా సైకిలు కొన్నా, దుకాణం వాళ్ళు అందులో కాస్త బడికి ఇస్తారు. ఈ ఏడు వచ్చినదానితో మూడో తరగతి వరండాలో సంచులూ కోట్లూ తగిలించుకోవడానికి కొక్కేలు చేయిస్తున్నారు. వానాకాలం సంచులన్నీ నేలమీద పడి నానిపోతున్నాయి మరి.

గుండీలమ్మకి చదువు రాదు. వస్తువులు బొమ్మ చూసి కొంటుంది. జాబితాలో మాత్రం ఒక్క పేరు గుర్తుపడుతుంది. ఒకప్పుడు మనవరాలు పలక మీద ఆ పేరు రాసి, కింద వేలు పెట్టి చూపించింది. "ఇది నేను, నానమ్మా."

కొడుకు చనిపోయిన ఏడాదికి కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకుంది. చేసుకోమని పోరింది గుండీలమ్మే. ముప్పై నిండని పిల్ల, గోడల్ని చూస్తూ ఎన్నాళ్ళని కూర్చుంటుంది? పిల్లని తీసుకుని వెళ్ళేటప్పుడు కోడలు తన పాత ఫోను అత్తగారికి ఇచ్చింది. అందులోనే సంఘం గ్రూపు ఉండిపోయింది. మొదట్లో ప్రతి ఆదివారం మాట్లాడేవాళ్ళు. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత ఆ నంబరు లేదని ఒక ఆడగొంతు చెప్పడం మొదలుపెట్టింది. గుండీలమ్మ ఆదివారాలు ఆ గొంతైనా విని ఫోను పెట్టేసేది.

కానీ జాబితాలోంచి మనవరాలి పేరు ఎవరూ తియ్యలేదు. ఆ పిల్ల ఈ బడి మానేసి రెండేళ్ళయినా ఆ పేరు ఏటా పాసై, తోటివాళ్ళతో పాటు మూడో తరగతికి వచ్చేసింది. బడిలో అందరూ కొనుక్కునేవన్నీ గుండీలమ్మ ఆ పేరు మీదే కొనేది. రోజుకోసారి దాన్ని వేలితో తాకడానికి ఓ పని ఉండాలి కదా.

మధ్యాహ్నం వడ్రంగి వచ్చాడు. వెనకే సంఘం అధ్యక్షురాలైన పళ్ళ డాక్టరమ్మ. వరండా గోడకి అతను బిగించిన చెక్క పలకకి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కెం కింద ఒక్కో పేరు చెక్కి ఉంది. డాక్టరమ్మ వేలితో లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళి ఆగింది.

"ఇరవై ఏడుమంది పిల్లలైతే ఇరవై ఎనిమిది చేశావేమయ్యా?"

"మీరు పంపిన జాబితాలో ఎందరుంటే అందరికీ చేశానమ్మా. నాకు పిల్లలు కనపడరు కదా, పేర్లేగా కనపడేది."

ఆవిడ చివరి కొక్కెం కింద పేరు చదివి, ఫోను తీసి చూసింది. "ఈ పాప వెళ్ళిపోయి రెండేళ్ళయిందే. అందరికంటే ఎక్కువ కొన్నది ఈ పేరు మీదే. ఎవరు కొంటున్నట్టు?"

తడిగుడ్డ పెడుతున్న గుండీలమ్మ కర్ర గోడకి ఆనించింది. "నేనేనండి. డ్రైవరు మీసాల రంగు, వంటావిడ కళ్ళజోడు తాడు, నా సబ్బులు. బడికి రావలసింది వచ్చింది కదండీ. తప్పైతే చెప్పండి."

"తప్పని కాదు ఆయమ్మా. లేని పిల్ల పేరు ఉంటే రేపు నలుగురూ నన్నడుగుతారు. జాబితాలోంచి తీసేస్తాను. ఆ చివరి కొక్కెం కూడా ఊడదీయించేద్దాం."

వడ్రంగి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"ఫోనులోంచి తీస్తే తియ్యండి," అంది గుండీలమ్మ. "కొక్కెం ఉండనివ్వండమ్మా. గోడకేం బరువు?"

"తగిలించేవాళ్ళు లేని కొక్కెం ఎందుకు?"

"తగిలించడానికి ఉందండి."

సామాన్ల గదిలోకి వెళ్ళి, చీపుళ్ళ వెనకనుంచి ఒక పొట్లం తెచ్చింది. అందులో పసుపుపచ్చ వానకోటు. ఏటా ఒకటి కొంటుంది. పాతది పొట్టిదైపోయి ఉంటుందని తడిసొచ్చిన ఏ పిల్లకో ఇచ్చేసి, ఇంకాస్త పెద్దది తెప్పిస్తుంది.

డాక్టరమ్మ ఆ కోటు చెయ్యి పట్టుకు చూసింది. "ఇప్పుడు ఎంత ఎదిగిందో మీకెలా తెలుసు?"

"కిటికీ పక్కన కూర్చునే పిల్లా, మా పిల్లా ఒకే ఎత్తుండేవాళ్ళండి. ఆ పిల్లకి గుండీలు పెట్టేటప్పుడు జానతో కొలుస్తాను."

డాక్టరమ్మ కోటు మడతపెట్టి ఆవిడ చేతికిచ్చింది. తర్వాత వడ్రంగి వైపు తిరిగింది. "చివరిది వదులుగా ఉంది. గట్టిగా బిగించు." ఫోను సంచిలో పడేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. పేరు తీసిందో లేదో గుండీలమ్మ అడగలేదు.

సాయంత్రం పిల్లలు బస్సెక్కాక కోటు తగిలించి, దాని పక్కనే వరండా అరుగు మీద కూర్చుంది. కోటు కాస్త జరిపి, కొక్కెం కింద అక్షరాల గాట్లలో చూపుడువేలు పెట్టి నెమ్మదిగా పోనిచ్చింది. ఫోనులో అద్దం మీద వేలు నున్నగా జారిపోయేది. చెక్క అలా కాదు, వేలిని ఆపుతుంది.

"అక్కా, బస్సులో దింపనా?" డ్రైవరు కేకేశాడు.

"నువ్వెళ్ళు. కాస్సేపు కూర్చుని వస్తా."

మర్నాడు బస్సు దిగిన పిల్లలు మెట్ల దగ్గర పొట్టలు ముందుకు పెట్టి నిలబడ్డారు. ఎవరూ రాలేదు. పక్కింటివాళ్ళు డ్రైవరుకి ఫోను చేశారు. తెల్లారి ఎంత తలుపు కొట్టినా ఆవిడ లేవలేదట. అతను హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పి, వచ్చి బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. హెడ్‌మిస్ట్రెస్ కోడలి కొత్త నంబరు కోసం పాత కాగితాలన్నీ తిరగేసింది. దొరకలేదు. బిడ్డని దింపడానికి వచ్చిన డాక్టరమ్మ మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్కళ్ళకీ గుండీలు పెట్టి లోపలికి పంపింది.

ఆ సాయంత్రం వాన పడింది. ఇరవై ఏడు కోట్లు పిల్లలతో పాటు వెళ్ళిపోయాయి. చివరి కొక్కేనికి పసుపుపచ్చ వానకోటు ఒక్కటే ఉంది, వచ్చే ఏడాదికి కూడా సరిపోయేలా చేతులు రెండు మడతలు మడిచి, మెడ దగ్గర గుండీ పెట్టి.