పద్నాలుగు ఫారాల్లో ఒకే కూతురు

జీతాల ఆఫీసు దొరలారా! పెళ్లికాని కుర్రాడికి పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ అంటగట్టింది మీరే. కాదంటే కిటికీ తెరిచి, ముఖం చూపించి చెప్పండి. ఏడాదికోసారి, షిఫ్టు దిగే వేళకి, ఒంటి మీద ఆవిరి ఇంకా ఆరకముందే పన్ను ఫారాలు మా చేతుల్లో పెడతారు. ఎనిమిది పేజీలు, అందులో ఒక్క ముక్క మాకు రాదు. "పోయినేడు రాసినట్టే రాసి పొద్దున్నకల్లా ఇచ్చెయ్యండి" అని కిటికీ మూసేస్తారు. మేం పోయినేడు రాసినట్టే రాశాం. అదే మా నేరం.

మాది పెద్ద హోటలు లాండ్రీ. నేను బాయిలర్ దగ్గర ఉంటాను. పద్నాలుగు మందిమి ఒకే ఇంట్లో, అంతస్తుల మంచాల మీద సర్దుకుంటాం. ఫారం నింపడానికి మాకో పద్ధతి ఉంది. ఇస్త్రీ బాబాయి పదకొండేళ్లుగా ప్రెస్సు మిషను మీద పనిచేస్తున్నాడు, మా అందరికీ పెద్ద. ఆయన తన పాత ఫారం నకలు ప్లాస్టిక్ కవర్లోంచి తీసి బల్ల మీద పరుస్తాడు. మేం కంచాలు పక్కకి జరిపి, చుట్టూ కూర్చుని చూసి రాస్తాం. పేరు, పాస్‌పోర్టు నంబరు, జీతం ఎవరివి వాళ్లవి. మిగతాదంతా బాబాయిదే.

"గీత ఉంటే గీత, చుక్క ఉంటే చుక్క. సొంత తెలివి వాడకండ్రా. వాడినవాడే దొరికిపోతాడు" అని ఆయన హుకుం.

ఈ ఏడు దొరికిపోయింది ఆయన మాట తు.చ. తప్పకుండా పాటించినవాడే. మేం వాణ్ణి పెళ్లికొడుకు అంటాం. మేనమామ కూతురితో పదకొండు రోజుల్లో పెళ్లి. నెల సెలవు మీద దేశం దాటాలంటే, మాలాంటి పరాయి దేశపు పనివాడికి పన్ను ఆఫీసు నుంచి కాగితం కావాలి. ఇక్కడి మాట నాకు కాస్త వచ్చని నన్ను దుబాసీగా లాక్కెళ్లాడు.

కౌంటరులో కళ్లజోడు నెత్తిమీదకి తోసుకున్న ఒకావిడ ఉంది.

"సెలవు ఎందుకు?"

"పెళ్లికండీ."

"ఎవరి పెళ్లికి?"

"నాదేనండీ."

ఆవిడ కళ్లజోడు కిందకి దించి కంప్యూటరు చూసింది. వాణ్ణి చూసింది. మళ్లీ కంప్యూటరు చూసింది.

"మీ ఆవిడకి తెలుసా?"

నేను తెలుగులో చెప్పేసరికి వాడు కంప్యూటరు వైపు మెడ సాచాడు. ఆవిడ చదివింది. భార్య ఒకరు, ఆరేళ్ల కొడుకు, తొమ్మిదేళ్ల కూతురు. మూడేళ్లుగా వాడి చేతిరాతే.

"అన్నా, నాకు ఇరవై ఆరే కదన్నా! తొమ్మిదేళ్ల కూతురేంటన్నా?"

"నన్నడుగుతావేంట్రా, నేనేమన్నా పురుడు పోశానా?"

"ఇంకో వింత" అంది ఆవిడ. "ఈ పాప మూడేళ్లుగా తొమ్మిదేళ్ల దగ్గరే ఆగింది. ఏం పెట్టి పెంచుతున్నారు?"

నవ్వించింది గానీ వదల్లేదు. లేని పెళ్లాం పిల్లల పేరున తగ్గిన పన్ను కట్టాలి, ఫారాలు సరిచేసి రాయాలి. వీడు పెళ్లికానివాడని కంపెనీ ముద్రతో ఉత్తరం రేపు మధ్యాహ్నంలోగా తేవాలి. తేకపోతే విచారణ, రెండు నెలలు.

బస్సులో వాడు మరదలికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. స్పీకరు వేయకపోయినా నాకు వినబడింది.

"ఏం బావా, పిల్లలకి ఏ సైజు బట్టలు తీసుకోమంటావు?"

"నవ్వకే తల్లీ, నా ప్రాణం పోతోంది."

"నవ్వక ఏం చెయ్యను? పెద్దదానికి జడ కూడా నేనే వెయ్యాలా?" ఆ తర్వాత గొంతు తగ్గింది. "బావా, రెండుసార్లు వాయిదా వేశాం. మూడోసారంటే నాన్న వేరే సంబంధం చూస్తానంటున్నాడు. ముందు ఆ పిల్ల తండ్రెవరో పట్టుకో."

ఇంటికొచ్చి బాబాయిని పట్టుకున్నాం. ఆయన చొక్కా మడతలు సరిచూసుకుంటున్నాడు.

"బాబాయ్, మీ అమ్మాయికి ఇప్పుడెన్నేళ్లు?"

"నాకు అమ్మాయెక్కడిదిరా? ఒక్కడే కొడుకు."

పొయ్యి మీద కుక్కరు కూసింది.

"మరి ఫారంలో ఉన్న పిల్ల ఎవరు?"

బాబాయి చొక్కా పక్కన పెట్టాడు. "నేనొచ్చిన ఏడు మడతల మామ ఫారం చూసి రాశాను."

మడతల మామ దుప్పట్లు మడతపెట్టే పని చేసి, ఊరెళ్లిపోయి తొమ్మిదేళ్లయింది.

"చదవలేదా బాబాయ్?"

"చదవడం వస్తే చూసి రాయడం ఎందుకురా?"

"మడతల మామ కూతురికి పోయినేడే పెళ్లయింది కదా! ఫోటో కూడా పంపాడు" అన్నాడు పై మంచం మీదవాడు.

పెట్టెల్లోంచి అందరి నకళ్లూ బయటికి లాగాం. పద్నాలుగు ఫారాలు. పద్నాలుగింటిలోనూ ఆ పిల్లే, తొమ్మిదేళ్లు దాటకుండా. పెళ్లికొడుకు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. ఆ సాయంత్రం బాబాయి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పద్నాలుగు మందిమీ జీతాల కిటికీ ముందు నిలబడ్డాం. లోపలి గుమాస్తా తల ఎత్తలేదు. "ఫారం మీది, సంతకం మీది. ఉత్తరానికి వారం పడుతుంది" అన్నాడు.

బాబాయి ప్లాస్టిక్ కవరు కిటికీ గట్టు మీద పెట్టాడు. "అయ్యా, దీన్ని నేను చదవలేను. పదకొండేళ్లు చదివినట్టు నటించాను. ఆ ముక్క నిన్న వీళ్ల ముందు ఒప్పుకున్నాను, ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాను. నా నటన వల్ల వీడి పెళ్లి ఆగకూడదు. ఉత్తరం వచ్చేదాకా నా ప్రెస్సు వేడెక్కదు."

నా బాయిలరూ వేడెక్కలేదు. తడి దుప్పట్లు తొట్లలోనే ఉండిపోయాయి. హోటలు వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. వారం పట్టే ఉత్తరం పదకొండు గంటలకి వచ్చేసింది. పెళ్లికొడుకు దాంతో పన్ను ఆఫీసుకి పరుగు తీశాడు. విమానానికి రెండు రోజుల ముందు కాగితం చేతికందింది. మరదలి నుంచి సందేశం: "పిల్లల్ని అక్కడే వదిలి రా."

వదిలే వెళ్లాడు. ఆ పిల్ల ఇంకా పదమూడు మంది దగ్గర ఉంది, దొరలారా. మా ఫారాలు మేమే సరిచేసి రాస్తాం, తగ్గిన పన్ను మేమే కడతాం. మా వంతు అది. మీ వంతు వినండి. ఆ ఎనిమిది పేజీలూ తెలుగులో అచ్చు వేయించండి. షిఫ్టు దిగాక కాదు, షిఫ్టులోనే, జీతం కోయకుండా ఒక పూట ఇవ్వండి. చదివి చెప్పే మనిషిని మా బల్ల దగ్గర కూర్చోబెట్టండి, కంచాలు మేం జరుపుతాం. "పోయినేడు రాసినట్టే" అనే మాట ఆ కిటికీలోంచి ఇంకోసారి వినబడిందా, మాలో ఒక్కడు సంతకం పెట్టడు. ఈ సోమవారమే మొదలుపెట్టండి. ముందు బాబాయి దగ్గరికి రండి.