ఆమెకు మిగిలింది ఎంత?

పొద్దున్నే నా టిఫిన్ డబ్బా మీద వంద నోటు పెట్టి, "సాయంత్రం చిల్లర మర్చిపోకు" అంటారు మా ఆయన. నా జీతం నా పేరునే పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం ఆయన జేబులో ఉంటుంది. పెళ్లైన కొత్తలో అత్తయ్య ఎంతో ప్రేమగా, "సంపాదించడం వరకే నీ పని తల్లీ, దాని బాగోగులు వాడు చూసుకుంటాడు" అన్నారు. నాకు శ్రమ తగ్గిందని సంబరపడ్డాను కూడా! అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ముప్పై ఆరు మంది మూడో తరగతి పిల్లలకి డబ్బు లెక్కలు నేర్పే నేను పదకొండేళ్లుగా సాయంత్రం స్కూలు గేటు దగ్గర ఆయన చేతిలో చిల్లర లెక్కపెట్టి పోస్తున్నాను. ఒక్కోసారి ఆయన మళ్లీ లెక్కపెడతారు. అప్పుడు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు క్లాసులో తీసివేతలు. బస్సుకీ, రంగు సుద్దలకీ పోయింది ఇంకా మనసులోనే ఉంది కాబోలు, బోర్డు మీద అదే రాసేశాను. "టీచర్ దగ్గర వంద ఉంది. అరవై రెండు ఖర్చు పెట్టింది. ఆమెకు మిగిలింది ఎంత?"

అందరూ ముప్పై ఎనిమిది రాశారు. రెండో బెంచీ కందిరీగ మాత్రం సున్నా రాసింది. ప్రశ్నలతో చెవి దగ్గర రొద పెడుతుందని ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరది.

"ఏమే, పక్కింటి అప్పు మర్చిపోయావా?" అన్నాను. పక్క అంకె దగ్గర ఒకటి తెచ్చుకోవడాన్ని మా క్లాసులో అలాగే అంటాం.

"తెచ్చాను టీచర్. ముప్పై ఎనిమిదే వచ్చింది. కానీ అది సార్‌కి ఇచ్చేస్తారుగా, గేటు దగ్గర రోజూ చూస్తాను. 'ఆమెకు' అని రాశారు కదా మీరు?"

ఎర్ర పెన్ను తీశాను. తప్పు పెట్టడానికి చెయ్యి రాలేదు, ఒప్పు పెట్టడానికి మనసొప్పలేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఏ గుర్తూ పెట్టకుండానే నోట్సు ఇచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా వీధి చివరి బ్యాంకుకి వెళ్లాను. పాత కార్డు ఆపించి, కొత్తదానికి సంతకం పెట్టాను. పది నిమిషాల పని.

సాయంత్రం ఆయన స్కూటర్ ఆపి, నా వైపు చూడకుండానే చెయ్యి చాపారు.

"చిల్లర?"

"ఉంది. నా దగ్గరే ఉంటుంది."

"ఏంటి కొత్తగా?"

"కొత్తదే. కార్డు కూడా కొత్తది వస్తోంది. మీ జేబులోది ఇక పనిచేయదు, పెట్రోలు బంకులో తీసి నవ్వులపాలు కాకండి."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని జేబు తడుముకున్నారు. నేను పర్సు జిప్పు లాగి వెనక సీటు ఎక్కాను. గేటు ఊచల మధ్య నుంచి రెండు జడలు మమ్మల్నే చూస్తున్నాయి.

మర్నాడు కందిరీగ నోట్సు తెరిచాను. సున్నా కొట్టేసి, ముప్పై ఎనిమిది రాసుకొచ్చింది.