ఎర్ర గడి

మా క్లాసు బోర్డు మీద కొత్త కెమెరా పెట్టారు. పాఠం వినే పిల్లల ముఖం చుట్టూ తెర మీద ఆకుపచ్చ గడి పడుతుంది, దిక్కులు చూసేవాళ్లకి ఎర్ర గడి. ఇన్నేళ్లూ ఈ వానరమూక ముందు గొంతు చించుకున్న నాకు ప్రాణం లేచొచ్చింది. మిషన్‌కి మొహమాటం ఉండదు.

మెల్లకన్ను పిల్లకి మాత్రం ఎప్పుడూ ఎరుపే.

"కిటికీలో ఏముందే?" అని నిలబెట్టాను.

"మిమ్మల్నే చూస్తున్నా టీచర్."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. "దాని చూపే అంతండీ. మీ పాఠం ఇంట్లో పొల్లుపోకుండా అప్పజెప్తుంది."

"నాకు తెలుసమ్మా. మిషన్‌కి తెలియాలి కదా!"

ఆ ఒక్క ఎరుపు వల్ల పక్క సెక్షన్ ముందు నా పరువు పోతోంది. అందుకే ఆ పిల్లని బీరువా వెనక కూర్చోబెట్టాను. అక్కడున్నవాళ్లు కెమెరాకి కనబడరు. వాళ్లకి బోర్డూ కనబడదు.

శనివారం హెడ్మాస్టరు తెర చూసి మురిసిపోయారు. ఒక్క ఎర్ర గడి లేదు. "మీ టీచరుకి చప్పట్లు కొట్టండర్రా!" అన్నారు.

అందరూ కొట్టి ఆపేశాక కూడా, బీరువా వెనక చప్పట్లు వినబడుతూనే ఉన్నాయి.