తిరిగొచ్చిన మంచం

రోగులకని చక్రాల మంచాలు చేయించి, చవగ్గా అద్దెకిస్తానంటూ ఓ నర్సు కొట్టు తెరిచింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, జనం ఆమెను చూస్తేనే మొహం తిప్పుకున్నారు.

"ఆ మంచం గుమ్మంలోకొస్తే మనిషిక లేవడనే కదా అమ్మాయ్ అనుకుంటారు!" అన్నాడు వాటిని చేసిన ముసలి వడ్రంగి. "కోలుకున్నవాళ్లనే తెచ్చివ్వమను. వీధంతా చూడనీ."

కాలు విరిగిన టైలరుకు ఊరికే ఇచ్చింది. రెండు నెలలకు అతనే మంచం తోసుకుంటూ నడిచొచ్చాడు. ఆ వారమే మిగతావన్నీ అద్దెకు పోయాయి.

ఏడాది తిరక్కుండా నర్సు తల్లికే జబ్బు చేసింది. కొట్టులో ఉన్నది ఒకటే మంచం. తండ్రిని కాటికి సాగనంపిన కొడుకొకడు పొద్దున్నే దాన్ని దించి వెళ్లాడు.

"ఇదెవరు తెచ్చిచ్చారే?" అంది తల్లి, పడుకోకుండా.

"పడుకున్నాయనే, నడుచుకుంటూ తెచ్చాడమ్మా," అంది నర్సు, దుప్పటి సర్దుతూ.