వదిన పెట్టిన చుక్కలు

గట్టిపడిన జిగురు మీద బ్లేడును ఏటవాలుగా ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆమె ఒక్క గీకు గీకింది. మైనం పొరలాంటి పలచని ముక్క చుట్ట చుట్టుకుని బల్ల మీద పడింది. వేలి కొసతో అక్కడ తడిమి చూసింది. చెక్క ఎక్కడ ఆగిందో, చుక్క ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు. అప్పుడు గాని ఊపిరి వదల్లేదు.

బల్ల మీద గుడ్డ పరిచి ఆమె పడుకోబెట్టినది తన ఆడపడుచు బాస్ గిటారును. మామూలు గిటారు కన్నా దీని మెడ పొడుగు, తీగలు లావు. మెడకు అడ్డంగా వీణకున్నట్టే మెట్లుంటాయి. వేలు ఒక్క మెట్టు అటూ ఇటూ అయిందంటే పాట మొత్తం పక్కదారి పడుతుంది. ఏ మెట్టు ఎక్కడుందో తెలియడానికి మెడ అంచున, వాయించేవాళ్ళ కళ్ళకు ఎదురుగా, చిన్న చిన్న చుక్కలు పెడతారు. వెలుతురున్నంత సేపూ అవి చాలు. స్టేజీ మీద దీపాలార్పారంటే చుక్కలు కూడా చీకట్లో కలిసిపోతాయి. అలా కలిసిపోని చుక్కలు పెట్టడమే ఆమె పని. వాద్యాల దుకాణం వాళ్ళు చిరునామా చెప్పి పంపేవాళ్ళంతా ఆమెను చుక్కలక్క అంటారు.

"పట్టపగలే చుక్కలు చూపించేది ఊరు మొత్తానికి మా ఆవిడ ఒక్కతే" అని ఆమె భర్త వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరైనా నవ్వకపోతే, వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెబుతాడు.

ఆ విద్య ఆమెకు గడియారాల ఫ్యాక్టరీలో అబ్బింది. పెళ్ళికి ముందునుంచీ అక్కడే పని. పొడుగాటి హాల్లో ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, అలారం గడియారాల అంకెల మీదా ముళ్ళ మీదా చీకట్లో వెలిగే మందు పూసేవారు. అందరూ దాన్ని రేడియం అనేవారు. అది రేడియం కాదని సూపర్‌వైజరు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు. ముందు తెల్లరంగు వెయ్యాలి, ఆరాక దాని మీద మందు పూయాలి. అడుగున తెలుపు లేకపోతే వెలుగంతా లోపలికి ఇంకిపోతుంది. ఉంటే ఎదురు తిరిగి పైకొస్తుంది. ఎందరో ఆమె పూసిన అంకెలు చూసుకుని తెల్లవారుజామున లేచి, స్నానాలు చేసి, రైళ్ళు అందుకున్నారు. అవి ఎవరు పూశారని అడగాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? సెల్‌ఫోన్లు వచ్చాక అలారం గడియారం కొనే దిక్కు లేకపోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. ఆమె తన సన్నకుంచెలు కొంగున కట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఆమె కాపురానికి వచ్చేనాటికి ఆడపడుచు బడికెళ్ళే పిల్ల. అన్నయ్యను ఎవరో ఎగరేసుకుపోయినట్టు మూతి ముడుచుకుని తిరిగేది. వదినా అని పిలవడానికే ఆ పిల్లకు చాలాకాలం పట్టింది. పెరిగి పెద్దదై బాస్ గిటారు పట్టింది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా దాన్ని భుజాన తగిలించుకుని వీధిలోకి నడిచేది. చివరికి వాళ్ళే ఎత్తడం మానేశారు. ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరిసింది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నా వదినా ఆడపడుచులు కూర్చుని కబుర్లు చెప్పుకున్నది తక్కువ. గొడవపడ్డదీ తక్కువే.

నిరుడు ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఆడపడుచు నడవలో నిండు బకెట్టును తన్నుకుని పడింది. ఆ తర్వాత ఆమె మసక వెలుతురులో గోడ తడుముకుంటూ నడవడం వదిన గమనించింది. మర్నాడు కూర్చుని తలుపు గడియకూ, మేడమెట్ల అంచులకూ, స్విచ్చి బోర్డులకూ చుక్కలు పెట్టేసింది. ఇది ఇల్లా, విమానాలు దిగే మైదానమా అని భర్త వేళాకోళమాడాడు. ఆడపడుచు మాత్రం ఆ రాత్రి ఎవరూ చెప్పకుండానే అంట్లన్నీ తోమి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"రేచీకటి, వదినా. ఇంకా పెరుగుతుందన్నాడు డాక్టరు. బృందంలో ఎవరికీ చెప్పలేదు."

"కళ్ళు నీవి. ఎప్పుడు చెప్పాలో నువ్వే చూసుకో" అంది వదిన. "గిటారు సంగతి నాకొదిలెయ్."

వదిలేస్తే అది అంత తేలిగ్గా తేలలేదు. మిగతావాళ్ళకు పెట్టే చుక్కలు ఆడపడుచు కంటికి ఆనలేదు. అద్దం ముక్కలు పొదిగితే స్టేజీ దీపాలకు సూటిగా కళ్ళలో పొడిచాయి. చిన్న బల్బులు పెట్టి చూస్తే స్పీకర్లో కందిరీగల గోల. ఈలోగా బృందం ఒక పెద్ద నాటకానికి సంగీతం ఒప్పుకుంది. అందులో ఒక మనిషి ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. అతని అడుగులకు బదులు బాస్ ఒక్కటే వినబడాలి. అడుగు మెట్టునుంచి పై మెట్టుదాకా నిదానంగా ఎక్కాలి. ఆడపడుచు వరసగా రెండు రిహార్సళ్ళలో దారి తప్పింది. ఈసారీ కుదరకపోతే ఆ ముక్క రికార్డు చేసి పెట్టేస్తానని సంగీత దర్శకుడు మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు.

అప్పుడు వదినకు ఫ్యాక్టరీ తెల్లరంగు గుర్తొచ్చింది. పాత చుక్కలు పెకలించి, రంధ్రాలు వెడల్పు చేసి, లోతు పెంచి, అడుగునా పక్కలా తెల్లరంగు పూసింది. దాని మీద మందు కలిపిన జిగురు కొద్దికొద్దిగా పోసి, ఒక్కో పొర ఆరేదాకా ఆగింది. ఇవాళ ఉదయం గీకింది ఆ చివరి చుక్కనే.

ఆడపడుచు వచ్చి గిటారు ఎత్తుకుని, బొటనవేలితో అంచు రాసి చూసింది. "ఇవాళ రిహార్సలుకు నువ్వు కూడా రా వదినా" అంది.

ఇన్నేళ్ళలో వదిన ఒక్క కచేరీకీ వెళ్ళలేదు. వద్దన్నవాళ్ళు లేరు, ఏదో ఒక పని ఉండేది. ఇవాళ కూడా వంట సంగతి ఎత్తబోయింది. ఊరి జనాన్నంతా మోసినవాణ్ణి, కుక్కరొకటి నడపలేనా అని వంటింట్లోంచి భర్త గదమాయించాడు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది. థియేటరు మెట్ల దగ్గర ఛాతీ పట్టేసినట్టయి కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఆడపడుచు అడిగితే గ్యాసు అంది. ఈమధ్య తరచూ అలాగే అంటోంది.

తెర పక్కన, ఆడపడుచు భుజం వెనకగా, ఆమెకొక కుర్చీ వేశారు. ముందు ఘట్టమంతా దీపాలు ధగధగలాడాయి. ఆ వెలుతురును చుక్కలు కడుపునిండా తాగుతున్నాయని ఆమెకు తెలుసు. అంతలో అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. పక్కనున్న తెర కనబడలేదు, తన ఒళ్ళో చేతులు కనబడలేదు. ఆ నల్లదనంలో చుక్కల వరస ఒక్కటే లేతాకుపచ్చగా నిలబడింది.

మొదటి స్వరం నేలలోంచి వచ్చినట్టు ఆమె అరికాళ్ళకు తగిలింది. చెయ్యి కదిలినప్పుడల్లా ఒక చుక్క మరుగున పడి, చెయ్యి దాటాక మళ్ళీ వెలిగింది. ఆడపడుచు కనబడకపోయినా ఎక్కడిదాకా ఎక్కిందో వదినకు తెలుస్తూనే ఉంది. తొందర లేదు, తడబాటు లేదు. ఇల్లు విడిచిన మనిషి వీధి మలుపు తిరిగిపోయాడు. పై మెట్టు మీద చివరి స్వరం చాలాసేపు నిలిచి, సన్నబడి ఆగింది.

దీపాలు వెలగ్గానే, స్టేజీ పైనుంచి చూస్తున్న లైట్ల మేస్త్రి అడ్డం తిరిగాడు. తను కటిక చీకటి చేస్తుంటే ఎవరో మిణుగురులను వదిలారన్నాడు. సంగీత దర్శకుడు మళ్ళీ దీపాలార్పించి, టార్చి పట్టుకుని హాల్లోకి దిగాడు. ప్రతి వరసలోనూ ఆగి, టార్చి ఆర్పి స్టేజీ వైపు చూశాడు. చుక్కలు మెడ ముఖానికి కాక అంచుకే ఉన్నాయి, హాల్లో కూర్చున్నవాళ్ళకు కనబడవు. ఆ సంగతి తెలిసీ వదిన ఆ టార్చి వెంటే చూస్తూ కూర్చుంది. వెనక వరసనుంచి అతని గొంతు వినబడింది. ఇక్కడికి ఏమీ కనబడటం లేదు, బాస్ వాయింపు ఇలాగే ఉంచేద్దాం అన్నాడు. స్టేజీ మీదికొచ్చి గిటారు మీదికి వంగి, "ఇవి పెట్టిందెవరు?" అని అడిగాడు.

"మా వదిన" అంది ఆడపడుచు. ఆగి, బృందమంతా వినేలా ఇంకోమాట కలిపింది. "నాకు రేచీకటి. మా వదినకు తప్ప ఎవరికీ తెలీదు. ఇవి లేకపోతే నేను లేను."

అందరూ తెర పక్కకు తిరిగి చూశారు. వదిన లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తనకే తెలియలేదు. కొంగు సర్దుకుని, తల దించుకోకుండా, చూసినవాళ్ళందరినీ చూసింది.

ఆడపడుచుకు ఇంకా రిహార్సలుంది. వదిన ఆటో ఎక్కి ఒక్కతే ఇంటికొచ్చింది. జరిగినదంతా భర్తకు చెప్పింది. లైట్ల మేస్త్రి గొంతు, దర్శకుడి నడక అనుకరించి మరీ చెప్పింది. ఆమె అంతసేపు మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. చుక్కలక్కా మజాకానా అన్నాడు. మాడిన అన్నం ఇద్దరూ నవ్వుకుంటూ తిన్నారు. తర్వాత ఆమె కాస్త పని చూసుకుంటానని బల్ల దగ్గరికి వెళ్ళింది. హోటల్లో వాయించే ఒకాయన తన గిటారు మెడ విప్పి, ఆ మధ్యాహ్నమే ఇచ్చి వెళ్ళాడు. ఆమె చెప్పినట్టే, ఆడపడుచు గిటారుకు మల్లే వెడల్పుగా, లోతుగా రంధ్రాలు ఆయనే వేయించుకొచ్చాడు, తెల్లరంగు వేసి మందు నింపడమే మిగిలింది.

పొద్దు వాలేవేళకు భర్త టీ తెచ్చాడు. ఆమె గోడకు తల ఆనించి కుర్చీలో కూర్చుని ఉంది. చల్లారిపోతుంది తాగు అన్నాడు. రెండోసారి అన్నాక గ్లాసు కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కింది వాటాలో ఉండే డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిందనీ, బాధ తెలియకుండానే పోయి ఉంటుందనీ చెప్పి, ఫోన్లు చెయ్యడానికి బయటికి వెళ్ళాడు.

కబురందుకుని ఆడపడుచు వచ్చేసరికి గదిలో ఇంకా ఎవరూ దీపం వెయ్యలేదు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఎక్కడున్నావన్నయ్యా?"

"ఇక్కడే ఉన్నానమ్మా, మీ వదిన పక్కనే. ఆగు, లైటు వేస్తాను."

"వద్దు. కాసేపు ఉండనీ."

గొంతు వచ్చిన వైపు నడిచి, నేల మీద కూర్చుని, వదిన ఒళ్ళో తల పెట్టుకుంది. చాలాసేపటికి తలెత్తింది. అన్న ముఖం కనబడలేదు, వదిన ముఖం కనబడలేదు. బల్ల మీది గిటారు మెడ ఒక్కటే కనబడింది. దాని అంచున చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోయి, జంట చుక్కలుండే పన్నెండో మెట్టు దగ్గర, ఒకటి నిండుగా వెలుగుతూ, దాని పక్కది ఇంకా నింపని రంధ్రంగా చీకట్లోనే ఉండగా, ఆగిపోయాయి.