పెరుగు గీత

పాలు పెరుగయ్యే తీరు చూడటానికి సర్కారు ఒక యంత్రం కొన్నది. నవ్వకండి, నిజంగానే కొన్నది. కరీంనగర్ పొలిమేరలోని పాల పరిశోధన కేంద్రానికి దాన్ని రప్పించడానికి దయాకర్‌రావు మూడేళ్లు కాళ్లరిగేలా పట్నం తిరిగాడు. బల్లంత వెడల్పున్న ఇనుప అయస్కాంతం. దాని నడుమ పాలు పోసిన గాజు గొట్టం పెడితే, అందులోని నీళ్లు అయస్కాంతానికి ఎలా స్పందిస్తున్నాయో కాగితం మీద గీత గీస్తుంది. పాలు పాలుగా ఉన్నంతసేపు గీత పైన ఉంటుంది. తోడుకుంటున్నకొద్దీ నీళ్లు పెరుగులో చిక్కుబడి, గీత మెల్లగా కిందికి దిగుతుంది. మూత తీయకుండా, వేలు ముంచకుండా లోపలి సంగతి చెప్పే ఆ గీతంటే దయాకర్‌రావుకు ప్రాణం.

పట్నంలోని పెద్దసారు దామోదర్‌రావుకు అదే గీతంటే ఒళ్లుమంట. దయాకర్‌రావు నకలు తీసి పంపిన తొమ్మిది కాగితాల్లోనూ గీత దిగిపోయింది. ‘యంత్రము మధ్యాహ్నమునకు నీరసించుచున్నది’ అని ఫైలులో రాసిపడేశాడు. దిగడమే దాని పని మహాప్రభో అని దయాకర్‌రావు నాలుగు ఉత్తరాలు రాశాడు. చదివే పుణ్యాత్ముడెవడు? తనే వచ్చి చూస్తాననీ, ఈసారీ గీత నిలవకపోతే యంత్రాన్ని గోదాములో పడేయిస్తాననీ జవాబొచ్చింది.

అది ఎనభై ఏడు ఎండాకాలం. పెద్దసారు జీపు వెనకాలే ఒక లారీ కూడా వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులో మోకులు పట్టుకుని నలుగురు హమాలీలు. యంత్రాన్ని ఎత్తుకుపోవడానికే వచ్చారని దయాకర్‌రావుకు చూడగానే అర్థమైంది.

కేంద్రంలో పాలు కాచే లింగవ్వ గొట్టం తెచ్చి ఇచ్చింది. పెద్దసారు రాగానే పాలకు తోడేసి తెమ్మని దయాకర్‌రావు ఆమెకు ముందురోజే చెప్పి ఉంచాడు. దాన్ని యంత్రంలో పెట్టి, గీత ఎందుకు దిగుతుందో పెద్దసారుకు అరగంట విడమరిచి చెప్పాడు.

గీత దిగలేదు. గంట గడిచినా స్కేలు పెట్టి కొట్టినట్టు అడ్డంగా సాగింది.

దయాకర్‌రావు లింగవ్వను వరండాలోకి పిలిచాడు. "తోడు ఎప్పుడేసినవ్ అవ్వా?"

"పొద్దుగాలనే ఏసిన సార్. మంచిగ గడ్డ కట్టింది. పట్నంకెల్లి వచ్చినోళ్లను పెరుగయ్యేదాక కూసోవెడ్తమా? జర మర్యాద ఉండద్దా?"

అప్పటికే పెరుగైపోయినదానికి గీత ఇంకేం దిగుతుంది! ఆయనకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లోపలికి వెళ్లేసరికి పెద్దసారు గీత మీద వేలు ఆనించి మురిసిపోతున్నాడు.

"శభాష్ దయాకర్‌రావ్. మిషనంటే గిట్ల నిలకడగ ఉండాలె. మంచిగ రిపేర్ చేయించినవ్."

"సార్, గొట్టంల ఉన్నది పాలు కాదు, పెరుగు."

"మరి పెరుగు కోసమే కదయ్యా మిషను కొన్నది?"

దయాకర్‌రావు నోరు తెరిచాడు. కిటికీలోంచి లారీ కనిపించింది. యంత్రాన్ని కట్టడానికి హమాలీలు మోకులు విప్పుతున్నారు. మూడేళ్ల తిరుగుడు కళ్ల ముందు మెదిలింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. తన మీద తనకే అసహ్యమేసింది, అయినా మూసుకున్నాడు.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. వారానికల్లా మెప్పు ఉత్తరం వచ్చింది. ఇకపై గీత రోజూ ఇదే విధంగా ఉండాలనీ, దిగిన పక్షంలో సంజాయిషీ ఇచ్చుకోవాలనీ దాని అడుగున రాసి ఉంది. దిగిన తొమ్మిది గీతలనూ దయాకర్‌రావు బీరువా అడుగున పెట్టి తాళం వేశాడు.

మర్నాడు లింగవ్వ పాలగిన్నెతో గుమ్మంలో నిలబడింది. ఆ రోజు తప్పు చేసిందని ఎవరో చెప్పారు కాబోలు, బెదురు బెదురుగా అడిగింది.

"ఇయ్యాల తోడు మీ ముంగటనే ఎయ్యాల్నా సార్?"

దయాకర్‌రావు యంత్రం వైపు చూశాడు. బల్ల మీది ఉత్తరం వైపు చూశాడు.

"వద్దవ్వా. పొద్దుగాలనే ఏసి, గడ్డ కట్టినంక తే."